డప్పు మ్రోతకు వెలుగు దీపములు

వైకాశి మాసారంభమున గుడియాత్తములో జరుగు గంగమ్మ శిరస్సు ఉత్సవము మన విద్యార్థు లెఱిగినదే. ఉత్సవములందు వాద్యఘోషము చెవులకును, దీపతోరణములు కన్నులకును విందు చేయును. ఈ రెంటిని జోడించి, డప్పు మ్రోగినప్పుడే వెలుగు దీపములను మనమే చేసికొనవచ్చును. ఆ విధమును, అందలి కారణమును ఇచట వివరింతుము.

వలయు వస్తువు లివి: 9 వోల్టుల బ్యాటరీ, చిన్న ఎలక్ట్రెట్ మైకు, బి.సి. 547 ట్రాన్సిస్టరులు రెండు, 1 మైక్రోఫారడు కండెన్సరు, 10 వేల ఓముల నిరోధములు రెండు, 10 లక్షల ఓములది ఒకటి, 150 ఓములది ఒకటి, ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపములు మూడు.

మైకు ధన కాలును 10 వేల ఓముల నిరోధము ద్వారా బ్యాటరీ ధనధ్రువమునకును, రెండవ కాలును ఋణధ్రువమునకును కలుపవలయును. మైకు ధన కాలినుండి కండెన్సరు ద్వారా మొదటి ట్రాన్సిస్టరు బేసునకు తీగ పోవును. కండెన్సరు ధన కాలు మైకు వైపున నుండవలయును. ధనధ్రువమునుండి ఆ బేసునకు 10 లక్షల ఓముల నిరోధమును, కలెక్టరునకు 10 వేల ఓముల నిరోధమును కలిపి, ఆ కలెక్టరునే రెండవ ట్రాన్సిస్టరు బేసునకు చేర్పవలయును. ఎమిటరులు రెండును ఋణధ్రువమునకు చేరును. మూడు దీపములును, 150 ఓముల నిరోధమును ఒకే వరుసలో ధనధ్రువమునుండి రెండవ కలెక్టరునకు సాగును. దీపముల పొడుగు కాలు ధనధ్రువము వైపున నుండవలయును.

నిశ్శబ్దముగా నున్నంతసేపు విద్యుత్తు మొదటి ట్రాన్సిస్టరు గుండా పోవుచుండును, రెండవదానికి అందదు. ధ్వని మైకులో పుట్టించిన అల మొదటిదాని బేసు వోల్టేజిని క్షణకాలము తగ్గింపగా, ఆ దారి మూతపడును. తూము మూసినంతనే నీరు ప్రక్క కాలువకు మరలునట్లు, విద్యుత్తు రెండవ బేసునకు మరలి దీపములను వెలిగించును.

150 ఓములే యేల? ఎఱ్ఱని దీప మొకటికి సుమారు 2 వోల్టులు కావలయును, మూడింటికి 6. మిగిలిన 3 వోల్టులను 20 మిల్లీఆంపియరులతో భాగింప 150 వచ్చును. నీలిదీపమునకు సుమారు 3 వోల్టులు వలయును గనుక రెండే పెట్టవలయును. ఎఱ్ఱని దీపమును 1962లో హోలోన్యాక్ చూపెను. మంచి నీలికాంతిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురికి 2014లో నోబెల్ బహుమతి లభించెను.

విద్యార్థులారా! ఈ యమరికను ఇంటిలోని 230 వోల్టుల విద్యుత్తునకు ఎన్నడును కలుపరాదు, అది ప్రాణాంతకము. బ్యాటరీయే చాలును. చెవులు వినరాని తోటి బాలునిచేత దీనిని పట్టించి, చెంత డప్పు వాయించి చూడుడు. మనము చెవితో వినెడి దరువును అతడు కంటితో చూడగలడు.