కళాశాలకు తిరిగివచ్చు వయోజనులు

బాల్యవివాహము వలన బడి మానినవారు, తండ్రి మరణింపగా కుటుంబభారము వహించినవారు, పట్టము లేక పదోన్నతి దొరకని ఉద్యోగులు పదునైదు ఇరువదేండ్ల తరువాత మరల కళాశాల మెట్లెక్కుచుందురు. వీరిని పదునెనిమిదేండ్ల విద్యార్థులతో ఒకే గాటికి కట్టుట పరిపాటియైనది. చిక్కంతయు అందుననే యున్నది.

వయోజనునకు బుద్ధి కొదువ లేదు, అభ్యాసము తప్పినది. మూడు గంటలు కదలక కూర్చుండి వ్రాయుట కష్టము. తన బిడ్డల యీడువారి నడుమ లేచి సందేహమడుగుటకు సిగ్గు. కాని ఇంటి జమాఖర్చులు నడిపిన గృహిణికి అర్థశాస్త్రము, గ్రామ తగవులు తీర్చిన రైతునకు రాజనీతిశాస్త్రము వట్టి పాఠములు కావు. తమ యనుభవముతో సరిచూచుకొనక వారు ఏ సూత్రమును అంగీకరింపరు. నోట్సు చెప్పి వెడలిపోవు అధ్యాపకునకు ఇది చిరాకు. బోధింప నేర్చినవానికి ఇంతకంటె మంచి తరగతి దొరకదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము ఇందుకు తగిన నిదర్శనము. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవయేటనే వివాహమైనది. 1930 ఉప్పు సత్యాగ్రహమున జైలుకేగి వచ్చిన పిమ్మట, ఇరువదేండ్లు దాటిన వయస్సున, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు చదివిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోగా స్త్రీలకు వసతిగృహము లేకుండుట అడ్డువచ్చెను. తోడి విద్యార్థినులను కూర్చుకొని ఆ వసతిని ఆమెయే ఏర్పరచిరి. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందిరి. అచట 1937లో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు ఆగిన స్త్రీలను మెట్రిక్ పరీక్షకు సిద్ధపరచుచు వచ్చినది. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పక్షమున వయోజన స్త్రీలకై ఆరంభమైన సంక్షిప్త విద్యాక్రమమునకు ఈ యనుభవమే పునాది.

పనిచేయువారికి వేళ మొదటి యవసరము. 1982లో హైదరాబాదున నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, 1985లో వచ్చిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దీనిని గుర్తించినవి. రెండవదానిలో మూడేండ్ల బి.ఏ.ను ఆరేండ్లలోగా ముగింపవచ్చును. జీతముపై బ్రతుకువారికి ఆ మూడేండ్ల వెసులుబాటే ప్రాణము.

రాష్ట్రేతర తెలుగువారికి భాష మరియొక చిక్కు. హోసూరు, బళ్ళారి ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళమో కన్నడమో చదివినవారు కలరు. లిపి రానివానికి తెలుగు పాఠ్యగ్రంథము పంపిన ప్రయోజనము లేదు. ముందు కొన్ని నెలలు అక్షరములు నేర్పవలెను, లేదా చదివిన భాషలోనే సాగనీయవలెను. సాయంకాలము రెండు గంటలు ఒక గది, సందేహము తీర్చు ఒక పట్టభద్రుడు, పరీక్షరుసుము గడువు గుర్తుచేయు ఒక కార్యకర్త: ఇంతవరకు సంఘభవనములు నేడే సమకూర్పగలవు.