వీడియోకు పేరు పెట్టుట

ముప్పది యేండ్లు జనగామ ప్రాంతపు బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. యూట్యూబు వీడియోలు వెదకువారికి దొరకునట్లు చేయుట యెట్లో ప్రసంగింపుమని నన్నడిగినప్పుడు నాకే నవ్వు వచ్చినది. అమరకోశము వల్లించినవానికి ఈ వ్యవహారముతో నేమి పని? కాని నా పూర్వవిద్యార్థి యొకడు నా మాట విని నష్టపడుటచే ఈ సంగతి నాకు కొంత తెలిసినది.

అతడు ఫొటో స్టూడియోలో పనిచేయుచు, సెలవు దినములలో మన మూడు జిల్లాల చెరువులను, పాతగుళ్ళను వీడియోలు తీయును. పాడుపడుచున్న గుళ్ళను నలుగురు వచ్చి చూచినచో వానికి దిక్కు కలుగునని అతని యాశ. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును తీసి, 'సారూ, దీనికేం పేరు పెట్టమంటరు?' అని యడిగినాడు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన చెరువది. అచ్చటి శాసనములో దానిపేరు ధర్మకీర్తిసముద్రము. నేను పొంగిపోయి ఆ పేరే పెట్టుమంటిని. రెండు నెలలు గడచినవి. చూచినవారు మా యిరువురి బంధువులు మాత్రమే. 'సారూ, ఆ పేరుతోని ఒక్కడు గూడ వెతుకలే' అన్నాడు. నిజమే. బయ్యారము పోదలచినవాడు బయ్యారమనియే వెదకును.

యూట్యూబువారు చెప్పుదానిని బట్టి, వెదకువాడు వ్రాసిన మాటలకు వీడియో శీర్షిక, వివరణము, ట్యాగులు, లోని విషయము ఎంత దగ్గరగా నున్నవో చూతురు. అట్లు వెదకి వచ్చినవారు దానిని ఎంతసేపు చూచిరో, ఆ విషయమున తీసినవానికి ప్రామాణ్యమెంతో అదియు లెక్కింతురు. పూర్వము ఎందరు నొక్కిరన్న దానికే ప్రాధాన్యముండెను. 2012 నుండి ఎంతసేపు చూచిరన్నదానికి విలువ హెచ్చినది. కావున పేరు చూచి లోనికి వచ్చినవాడు కోరినది కానక వెంటనే వెడలిపోయినచో నష్టము తీసినవానిదే.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో పుట్టిన 'మై విలేజ్ షో' వంటివానిని జనులు వెదకకయే, ఎదురైనంతనే చూతురు. అది వేరు తోవ. చెరువునకును, గుడికిని ఆ యదృష్టము తక్కువ. వానిని వెదకుకొనియే రావలెను.

అమరకోశములో ఒక వస్తువునకున్న పలు పేర్లను ఒకచోట కూర్చిన వర్గములున్నవి. ఒక పేరునకున్న పలు అర్థములను చెప్పు నానార్థవర్గము వేరుగా నున్నది. వీడియో తీయువానికి ఈ రెంటితోను పని పడును. మహబూబాబాదునే మనవారు మానుకోట యందురు. రామప్పగుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు కాకతీయ రుద్రేశ్వరాలయమను పేరుతో నెక్కినది. పైగా అది 2016 నుండి భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019లో ములుగు జిల్లాలోనికి పోయినది. పాత వీడియోల వివరణలలో పాత జిల్లాయే యున్నచో దిద్దుకొనవలెను.

నానార్థముల చిక్కు అంతకంటె గడ్డు. జనగామ జిల్లాలో స్టేషన్ ఘనపురము కలదు. వనపర్తి జిల్లాలో ఖిల్లా ఘనపురము కలదు. కాకతీయుల నాటి కోటగుళ్ళున్న గణపురము భూపాలపల్లి జిల్లాలోనిది. దీనిని కూడ ఘనపురమని వ్రాయువారు పలువురు. మావాడు 'ఘనపురం గుళ్ళు' అని మాత్రమే పేరు పెట్టగా, ఒక కుటుంబము స్టేషన్ ఘనపురములో రైలు దిగి, కోటగుళ్ళేవని యడిగి, నవ్వులపాలై, అతనికి ఫోను చేసి చీవాట్లు పెట్టినది. ఇప్పుడు 'గణపురం కోటగుళ్ళు, భూపాలపల్లి జిల్లా' అని మొదటనే యున్నది. శీర్షికకు 100 అక్షరముల వరకు చోటున్నను, ఫోనులో మొదటి కొన్ని మాటలే కనబడును గనుక ఊరిపేరును తోకకు కట్టరాదు.

ఇక ఆంగ్లలిపి. మన పిల్లలు తెలుగు పేర్లను ఆంగ్లాక్షరములతో వెదకుదురు. నాకిది నచ్చదు, నాకు నచ్చనంతమాత్రమున మారదు. జనగామ చివర కొందరు 'ఏ'ను ముందు, 'ఓ'ను వెనుక వ్రాతురు, కొందరు తారుమారుగా వ్రాతురు. పెంబర్తిలో కొందరు 'హెచ్' చేర్తురు, కొందరు చేర్పరు. పెంబర్తిలో ఇత్తడిపని చేయు కుటుంబమునకు ఇది పరిహాసము కాదు. బెంగుళూరున దీపపు సెమ్మె కొనదలచినవాడు ఏ వర్ణక్రమముతో వెదకునో దానినిబట్టి వారింటికి బేరము వచ్చును, లేదా రాదు. తెలుగు శీర్షికతోపాటు ఆంగ్లమున వేరు శీర్షికను, వివరణమును జతపరచు ఏర్పాటు యూట్యూబులో కలదు. తప్పు వర్ణక్రమములకు తగిన చోటు ట్యాగులు; తక్కిన విషయములలో వాని ప్రయోజనము స్వల్పమని యూట్యూబువారే చెప్పినారు. ట్యాగులకై రాత్రులు మేల్కొనువారిని చూచి నేను జాలిపడుదును.

వివరణములో మొదటి వాక్యములందే ఊరు, దారి చెప్పవలెను. మా ధర్మకీర్తిసముద్రము ఇప్పుడక్కడ సుఖముగా నున్నది. శీర్షికలో బయ్యారం చెరువు చేరినది. ఉత్త బయ్యారమన్నచో ఇనుప ఖనిజపు వార్తలలో కలిసిపోవును. పొడవైన వీడియోకు 0:00తో మొదలిడి కనీసము 3 కాలసూచనలు, ఒక్కొక్క భాగము 10 సెకండ్లకు తగ్గకుండ వ్రాసినచో అధ్యాయములుగా విడివడును.

ఒకనాడు మావాడు దిగులుగా వచ్చినాడు. 'కోటగుళ్ళలో గుప్తనిధి' అని పేరు మార్చుమని మిత్రులు చెప్పిరట. వీడియోలో నిధి లేదు. చూచువాడు అరనిమిషములో పోవును. లోపల లేనిదానిని పేరున చూపు వీడియోలపై, ముఖ్యముగా తాజా వార్తల విషయమున, మన దేశములో కఠినముగా నుందుమని యూట్యూబువారు 2024 డిసెంబరులో ప్రకటించిరి కూడ. కాని నా కోపము వేరొకందుకు. నిధులకై పాతగుళ్ళలో నంది క్రిందను, లింగము క్రిందను త్రవ్వినవారు మన ప్రాంతమున తక్కువవారు కారు. గునపము పట్టినవాడును ఆ మాటతోనే వెదకును. అతడు చాలసేపు మాటలాడలేదు. పేరు మార్చలేదు. ఆ వారము చూచినవారు కొద్దిమందియే.

వెదకినవారు ఏయే మాటలు వ్రాసి వచ్చిరో తీసినవానికి యూట్యూబు స్టూడియోలో కనబడును. మొన్న ఆ పట్టిక నాకు చూపినాడు. అడుగున ఎవరో 'గణపురం కోటగుళ్ళకు బస్సు ఎక్కడ' అని వ్రాసిరి. మా వీడియోలో బస్సు మాటయే లేదు. వచ్చు ఆదివారము భూపాలపల్లి బస్టాండు నుండి గుడివరకు దారిని తీయుటకు పోవుచున్నాము. నేనును వచ్చెదననగా, 'రండి సారూ, గని శాసనం ముంగట ఎక్కువసేపు మాట్లాడొద్దు' అని ముందే మాట తీసికొన్నాడు.