8 బైట్లకు అంత బేరమా?

మామూలు ఫోన్లలో కూడా ఇప్పుడు గిగాబైట్ల కొద్దీ ర్యామ్ ఉంటోంది. అయినా లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లు ఒక స్ట్రక్చర్‌కు 8 బైట్లు కలపాలంటే వారాల తరబడి వాదించుకుంటారు. ఎందుకు?

స్ట్రక్ట్ పేజ్‌ను చూస్తే అర్థమవుతుంది. కెర్నెల్ ర్యామ్‌ను సాధారణంగా 4096 బైట్ల పేజీలుగా విడగొట్టుకుంటుంది. ఏ పేజీని ఎంతమంది పట్టుకుని ఉన్నారు, అందులోని మార్పులు డిస్కుకు చేరాయా లేదా అన్నది రాసుకోవడానికి పేజీకొక చిట్టా కావాలి. ఆ చిట్టా పేరే స్ట్రక్ట్ పేజ్. 64 బిట్ల యంత్రాల్లో మామూలుగా 64 బైట్లుంటుంది. 16 గిగాబైట్ల ర్యామ్ అంటే దాదాపు 42 లక్షల పేజీలు. చిట్టాలకే 256 మెగాబైట్లు పోతాయి. దానికి 8 బైట్లు చేరిస్తే మరో 32 మెగాబైట్లు ఖర్చు. ఆ 8 బైట్లు ఏ కొత్త సదుపాయం కోసమో, దాన్ని ఎవరూ వాడకపోయినా ఈ ఖర్చు తప్పదు.

మరి ఆ 64 బైట్లలో అన్నీ ఎలా ఇముడుతున్నాయి? ఒకే చోటును వేర్వేరు పనులకు వాడుకుంటారు. ఫైలుకు చెందిన పేజీ అయితే అక్కడ ఆ ఫైలు ఆనవాలు ఉంటుంది. కెర్నెల్ తన చిన్నచిన్న అవసరాలకు ముక్కలు చేసుకున్న పేజీ అయితే, ఖాళీ ముక్కల జాడ ఉంటుంది. చోటు కలిసొచ్చింది గానీ చదివేవాళ్లకు మాత్రం కష్టమే. పేజీ ఏ రకమో తేల్చుకోకుండా చెయ్యి పెడితే తప్పు విలువ చేతికొస్తుంది. 2022లో వచ్చిన లినక్స్ 5.16తో కెర్నెల్‌లో ‘ఫోలియో’ అనే రకం మొదలైంది; ఒక పేజీనో, కలిపి చూసే పేజీల గుంపునో అది సూచిస్తుంది. ఆ మార్పు ఇలాంటి పొరపాట్లలో కొన్నిటిని కంపైలరే పట్టుకునేలా చేసింది. నా దృష్టిలో ఇది వేగానికి ఏమాత్రం తీసిపోని లాభం.

ఇంత పొదుపరి కెర్నెల్ మరోచోట ఒక్క 8 బైట్ల అంకెకు 64 బైట్ల చోటు ఇచ్చేస్తుంది. అదెందుకు?

ప్రాసెసర్ మెమరీని బైటు బైటుగా తెచ్చుకోదు. చాలా యంత్రాల్లో 64 బైట్ల వరుసను ఒకేసారి తెచ్చుకుంటుంది. ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు రాస్తున్నారనుకోండి. ఒకరి లెక్క పేజీ పైభాగంలో, ఇంకొకరిది కిందిభాగంలో. ఇద్దరికీ పొంతన లేదు. అయినా పుస్తకం ఒక్కటే కాబట్టి, రాయాల్సినప్పుడల్లా ఎదుటివారి చేతిలోంచి తీసుకోవాల్సిందే. ప్రాసెసర్‌లోని రెండు కోర్లు ఒకే వరుసలోని రెండు అంకెలను మారుస్తుంటే ఇదే జరుగుతుంది. అందుకే మధ్యలో ఖాళీ వదిలి, రెండిటినీ వేర్వేరు వరుసల్లో పెడతారు.

కాబట్టి అడగాల్సింది ఎన్ని బైట్లు అని కాదు. అలాంటివి ఎన్ని ఉంటాయి, ఎందరు ఎంత తరచుగా రాస్తారు అని.

అన్ని కోర్లూ ఒకే అంకెను పెంచుతుంటే ఖాళీ వదిలినా లాభం లేదు. అప్పుడు కోరుకొక సొంత లెక్క ఇస్తారు. ఎవరి లెక్క వాళ్లు పెంచుకుంటూ, కొంత పోగయ్యాక ఉమ్మడి మొత్తంలో కలుపుతారు. రాయడం చకచకా సాగిపోతుంది గానీ, ఉమ్మడి మొత్తం ఎప్పుడూ కాస్త అటూఇటూగానే ఉంటుంది. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ డిస్కులోని ఖాళీని ఇలాగే లెక్కిస్తుంది. చోటు దండిగా ఉన్నంతకాలం ఆ ఉజ్జాయింపు అంకెతోనే పని నడిపేస్తుంది. ఖాళీ అడుగంటే సమయానికి మాత్రం, ఆలస్యమైనా సరే, ప్రతి కోరు లెక్కనూ కూడి చూసుకున్నాకే చోటు ఉందో లేదో చెబుతుంది.