ఆటల పీరియడులో వేరుపడే పిల్లలు

కథలోని భాషను గురించీ, కవిత్వంలోని భాషను గురించీ మన విమర్శకులు కావలసినంత రాశారు. బడి ఆటస్థలంలో వినిపించే భాషను మాత్రం ఎవరూ పరిశీలనకు యోగ్యమైనదిగా తలచినట్లు లేదు. ఏ హైస్కూలు గ్రౌండు దగ్గరైనా చివరి పీరియడులో ఒక పావుగంట నిలబడి వినండి. కబడ్డీలో కూతకు వెళ్లి గీత తాకకుండానే వెనక్కి వచ్చినవాణ్ణి "గాజులు తొడుక్కోరా" అంటారు. బంతి జారవిడిచినవాడు ఆడంగి. అందరికన్నా ముందు పరుగెత్తిన ఆడపిల్ల మగరాయుడు. మొదటి రెండు మాటల ప్రకారం ఆడతనమంటే ఓటమి. మూడోదాని ప్రకారం గెలిచిన ఆడది ఆడదే కాదు. ఇవి పిల్లలు పుట్టించిన మాటలు కావు. ఇంటినుంచి, సినిమానుంచి, కొన్నిచోట్ల డ్రిల్లు మాస్టరు నోటినుంచే వాళ్లకు అందినవి.

నేను రాజంపేట ప్రాంతంలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆటలు నా సబ్జెక్టు కాదు. అయితే మాటలు నా సబ్జెక్టే గనుక, ఈ మాటల బరువు ఎవరిమీద ఎక్కువగా పడుతున్నదో చెప్పే హక్కు నాకుందనుకుంటాను. సాటి కుర్రవాడిమీద మనసుపడే అబ్బాయి, సాటి ఆడపిల్లను ప్రేమించే అమ్మాయి, పుట్టినప్పుడు రిజిస్టరులో రాసిన లింగానికీ తన మనసెరిగిన లింగానికీ పొత్తు కుదరని పిల్ల - వీళ్లందరినీ కలిపి ఈనాడు ఎల్‌జీబీటీ అంటున్నారు. పేరు కొత్తదేగాని మనుషులు కొత్తవాళ్లు కారు. తాళ్లపాక మాకు కూతవేటు దూరం. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో నాయికగా మారి విరహపడితే అది భక్తి అంటాం, ఏటా జయంతి చేస్తాం. విరాటుని కొలువులో అర్జునుడు బృహన్నలై నాట్యం నేర్పితే తిక్కన శిల్పాన్ని మెచ్చుకుంటాం. ఎనిమిదో తరగతి కుర్రవాడు చేతులు తిప్పుతూ మాట్లాడితే మాత్రం క్లాసంతా ఘొల్లుమంటుంది, మాస్టరుతో సహా. సంస్కృతిని గురించి గొప్పలు పోయేవాళ్లు ఈ వైరుధ్యానికి జవాబు చెప్పాలి.

ఆటస్థలంలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మనకు తెలుగులోనే ఒక సాక్ష్యం ఉంది. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అనువదించారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మనవాళ్లు ఆ పుస్తకాన్ని హిజ్రాల జీవన చిత్రణగా చదివి మెచ్చుకున్నారు. నాకు మాత్రం అందులోని బడి ఘట్టం దగ్గర పుస్తకం కాసేపు పక్కన పెట్టవలసి వచ్చింది. మగపిల్లల ఆటలు ఆడనందుకు వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పిల్లవాణ్ణి చెవులమీద కొడతాడు. నువ్వు ఆడపిల్లవా, నిక్కరు విప్పు, చూస్తానంటాడు. విప్పబోయినట్టు నటిస్తాడు. పిల్లవాడు ఏడుస్తాడు, తోటివాళ్లు నవ్వుతారు. తర్వాతి జీవితంలో పోలీసులు, రౌడీలు చేసిన హింసకు తొలి పాఠం అక్కడే, ఉపాధ్యాయుడి చేతులమీదుగా మొదలైంది. ఆ నవ్విన పిల్లలు కూడా ఒక పాఠం నేర్చుకునే ఇళ్లకు వెళ్లారని గమనించాలి.

ఆటల పీరియడు రాగానే తలనొప్పి వచ్చే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. నా దగ్గరికి వచ్చి "గ్రౌండుకు పోను సార్, ఈడే కూర్చోని నోట్సులు సర్దిపెడతా" అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో కొందరున్నారు. వాళ్లలో ఎవరు ఏమిటో నాకు తెలియదు. తెలుసుకోవలసిన పని కూడా లేదు. ఈ చివరి మాటను మన ఉపాధ్యాయులు బాగా పట్టించుకోవాలి. బడిని క్షేమకరం చెయ్యడమంటే ఎవరెవరు అలాంటివాళ్లో జాబితా తియ్యడం కాదు. ఎవరైనా సరే భయపడకుండా గీత దాటి ఆడగలగడం.

ఇక్కడ మన అభ్యుదయ శిబిరంలోనే ఒక అభ్యంతరం వినిపిస్తుంది. కరువు సీమలో తాగునీళ్లకూ, కూలికీ పోరాడుతుంటే ఈ పట్నవాసపు మధ్యతరగతి సమస్య మనకెందుకని. ఈ వాదంలో నిజం లేదు. ఆట పేదపిల్లలకు కాలక్షేపం కాదు. రైల్వేలోనో, పోలీసుశాఖలోనో స్పోర్ట్స్ కోటా కొలువుకు అదొక దారి. సెంటు భూమి లేని ఇంట్లో మిగిలిన ఒక్క ఆస్తి కాళ్ల బలమే అయినప్పుడు, గ్రౌండునుంచి తరిమెయ్యడమంటే ఆ ఇంటి ఆస్తిని జప్తు చెయ్యడమే.

శాంతి సౌందరరాజన్ సంగతి చూడండి. పుదుక్కోట్టై జిల్లా కత్తకురిచి గ్రామంలో ఇటుకబట్టీ కూలీల ఇంట పుట్టిన దళిత బాలిక. 2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచింది. లింగ పరీక్ష చేసి పతకం లాగేసుకున్నారు. ఆ సంగతి ఆమె చెవికన్నా లోకం చెవికే ముందు వేశారు. మరుసటి ఏడాది ఆమె ప్రాణం తీసుకోబోయింది. తర్వాత ఇటుకబట్టీకే తిరిగి వెళ్లవలసి వచ్చింది. చాలాకాలానికిగాని తమిళనాడు ప్రభుత్వం శాశ్వత కోచ్ ఉద్యోగం ఇవ్వలేదు.

ద్యుతీ చంద్ ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లాలో చేనేత కుటుంబం బిడ్డ. హైదరాబాదులో నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందింది గనుక ఆమెను మనవాళ్లు సగం మన పిల్లగానే చూశారు. 2014లో శరీరంలో సహజంగా ఉన్న హార్మోను ఎక్కువని కామన్వెల్త్ క్రీడల జట్టునుంచి తప్పించారు. మందులు వాడు, శస్త్రచికిత్స చేయించుకో అన్న సలహాలకు లొంగక ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ నిబంధనను ఆ న్యాయస్థానం నిలిపివేసింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. 2019లో తాను మరో అమ్మాయిని ప్రేమిస్తున్నానని బహిరంగంగా చెప్పింది. ఇంట్లోవాళ్లే ఎదురుతిరిగారు. అయినా ఆ జులైలోనే నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో వంద మీటర్ల స్వర్ణం గెలిచింది. 2023లో నిషిద్ధ మందుల కేసులో ఆమెకు నాలుగేళ్ల నిషేధం పడింది. అది వేరే సంగతి, దీనితో ముడిపెట్టడం న్యాయం కాదు.

శాంతి శరీర నిర్మాణం, ద్యుతీ ప్రేమ, ట్రాన్స్‌జెండర్ల అస్తిత్వం - ఈ మూడూ ఒకటి కావు. అనుమానించే కన్ను మాత్రం ఒకటే. అది ఎవరినైనా వదలదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెలంగాణ అమ్మాయి అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. టీ అమ్మే తండ్రి కూతురు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. నాలుగు పాయింట్ల తేడాతో పతకం పోగొట్టుకున్న సాటి భారత క్రీడాకారిణి, ఈమె ట్రాన్స్‌జెండర్ అంటూ ఏ ఆధారమూ లేకుండా సామాజిక మాధ్యమంలో రాసి, తర్వాత తీసేసింది. ఆ పదాన్ని నిందగా వాడిన క్షణంలో ఇద్దరికి అవమానం జరిగింది: నందినికీ, నిజంగానే ట్రాన్స్‌జెండర్ అయిన పిల్లలందరికీ.

కొందరు మిత్రులు వెంటనే ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నిబంధనలు ఎత్తుకుంటారు. నిజమే, మహిళల విభాగంలో పాల్గొనేవారికి 2025 సెప్టెంబరు నుంచి జన్యు పరీక్ష పెట్టారు. దాని మంచిచెడ్డలమీద శాస్త్రజ్ఞులూ, న్యాయస్థానాలూ వాదించుకుంటున్నారు, వాదించుకోనీయండి. ప్రపంచ పోటీల కొలబద్దను తెచ్చి మండల స్థాయి అండర్-14 ఖోఖోకు పెట్టడమేమిటి? బడిలో ఆట పెట్టింది పతకాలకోసం కాదు, పిల్లల ఎదుగుదలకోసం.

చట్టం ఈ విషయంలో మనకన్నా ముందుంది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల్ని గుర్తించింది. 2018 సెప్టెంబరు 6న వయోజనుల స్వలింగ సంబంధాలు నేరం కాదన్నది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 13వ సెక్షను, ప్రభుత్వ నిధులతో లేదా గుర్తింపుతో నడిచే విద్యాసంస్థలు వివక్ష లేకుండా చదువుతోపాటు క్రీడలు, వినోదాలలో కూడా సమాన అవకాశం ఇవ్వాలని చెప్పింది. క్రీడలు అన్న మాట చట్టంలోనే ఉంది. అది తెలిసిన ప్రధానోపాధ్యాయులు ఎందరు? 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ఇలాంటి పిల్లల విషయమై ఉపాధ్యాయులకు ఒక శిక్షణ పుస్తకం తయారుచేసి, అభ్యంతరాలు రాగానే కొద్దిరోజుల్లోనే వెబ్‌సైటునుంచి తీసేసింది. పైవాళ్లు వెనకాడిన పనిని కిందివాళ్లు చెయ్యకూడదని ఎక్కడా లేదు.

చెయ్యవలసినదానికి నిధులేమీ అక్కర్లేదు. ఇద్దరు నాయకుల్ని నిలబెట్టి, ఒక్కొక్కరినీ ఏరుకొమ్మనే పద్ధతి మానాలి. ఎవరికీ అక్కర్లేని పిల్లవాడు చివరిదాకా ఎండలో నిలబడే దృశ్యం రోజూ మన కళ్లముందే ఉంది. ఒకట్లు, రెండ్లు లెక్కపెట్టి జట్లు చెయ్యవచ్చు. పోటీలకు బాలుర జట్టు, బాలికల జట్టు తప్పనప్పుడు సరే, మామూలు పీరియడులో ఖోఖోకూ, రిలే పరుగుకూ ఆ గీత దేనికి? అందరికీ ఒకే ట్రాకు ప్యాంటు, ఒకే చొక్కా చాలు. తిట్టుమాట వినపడితే ఆట ఆపాలి, ఫౌల్‌కు ఆపినట్టే. పిల్ల ఏదైనా మనసువిప్పి చెప్పుకుంటే అది స్టాఫ్‌రూము కబురు కాకూడదు, ఆ పిల్ల ఒప్పుకోకుండా ఇంటికి చేరకూడదు. ఆమెకు ప్రాణహాని ఉందనిపిస్తే తప్ప. మా పిల్లలకు లేనిపోనివి నేర్పుతున్నారని తల్లిదండ్రులు నిలదీస్తారని ఒక సహోపాధ్యాయుడు నాతో అన్నాడు. మనం నేర్పేది వెక్కిరించకుండా ఆడడం. దాన్ని ఏ తల్లి కాదంటుంది?

అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది రాత్రి బసల సంగతి. జిల్లాస్థాయి పోటీలకు తీసుకుపోయిన పిల్లల్ని ఏదో బడి తరగతిగదుల్లో పడుకోబెడతాం. బెంచీలు పక్కకు జరిపి, ముప్పైమందికి ఒక గది. స్నానాలు ఆరుబయట కొళాయి దగ్గర, అందరిముందూ. మెత్తగా ఉండే పిల్లవాడికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఏ నివేదికలోనూ ఉండదు. వాడు మరుసటి ఏడాది సెలక్షన్లకు రాడు, ఆసక్తి లేదని రాసుకుంటాం. లైంగిక హింసనుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం అబ్బాయిలకూ వర్తిస్తుందని చాలామందికి తెలియదు. పిల్లల్ని బస్సెక్కించేముందే అవతలి బడికి ఫోను చేసి అడగవలసినవి కొన్ని ఉన్నాయి: స్నానాలకు తడికైనా ఉందా, మరుగుదొడ్డికి లోపల గడియ ఉందా, గదిలో రాత్రంతా దీపం ఉంటుందా, తలుపు పక్కన ఏ మాస్టరు పడుకుంటాడు, అర్ధరాత్రి ఒక పిల్లవాడు లేచి వచ్చి వేరే గదిలో పడుకుంటానంటే ఎందుకని అడగకుండా చోటిచ్చేదెవరు.