బందరు చేరిన బేగం

బందరులో అప్పటి దొరల ఇళ్లు చూద్దామని బయల్దేరితే నిరాశే. కోట దగ్గర మొండిగోడలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇంగ్లిషువాళ్లు 1611లోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1864 నవంబరు 1న విరుచుకుపడ్డ ఉప్పెన దాదాపు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత పటాలం కూడా ఊరొదిలి వెళ్లిపోయింది.

మరి దొరల ఇల్లు ఎలా ఉండేదో తెలియాలంటే? హైదరాబాదు వెళ్లాలి... కోఠీలోని రెసిడెన్సీకి. ఆ ఇంటికీ బందరుకీ ఓ చుట్టరికం ఉంది. ఆ ఇంటి ఇల్లాలు కొన్నేళ్లు తలదాచుకున్నది ఇక్కడే!

ఆమె ఖైరున్నీసా. నిజాం కొలువులోని పెద్దింటి పిల్ల. భర్త జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కంపెనీ తరఫు రెసిడెంటు. ఇంట్లో మొగలాయి దుస్తులు, నోట్లో పారసీ. కానీ ఇల్లు మాత్రం అచ్చం ఇంగ్లండు భవంతిలాగే ఉండాలన్నాడు. స్థలం అడుగుతూ పెద్ద నక్షా పంపితే నిజాం కాదన్నాడట. అదే నక్షాను చిన్న కాగితం మీద గీసి పంపితే సరేనన్నాడట! నిజమో కాదోగానీ, ఖర్చు మాత్రం నిజాందే.

మద్రాసు ఇంజినీరు శామ్యూల్ రసెల్ ఆధ్వర్యంలో 1803లో పని మొదలైంది. ఉత్తరం వైపు 22 మెట్లు. వాటికి అటూ ఇటూ సింహాలు. పైన ఆరు స్తంభాలు, వాటి తలల మీద ఆకుల నగిషీ. ఆపైన త్రికోణపు నుదురు, అందులో కంపెనీ చిహ్నం. లోపల పై అంతస్తు దాకా ఎత్తున్న దర్బారు హాలు. దాని కప్పు మీది నగిషీలు కాగితం గుజ్జుతో చేసినవంటే నమ్మబుద్ధి కాదు. వచ్చినవాడు కంపెనీ దర్జా చూసి తల వంచాలి, అదీ ఆ కట్టడం ఉద్దేశం.

ఖైరున్నీసా అలా వచ్చి చూసే వీల్లేదు. ఆమెది ఘోషా. వెనక తోటలో ఆమె కోసం మొగలాయి పద్ధతిలో రంగ్ మహల్ కట్టించాడు. ఇంటి ముందు భాగం ఎలా ఉందో చూపించడానికి భవంతి మొత్తాన్నీ బొమ్మరిల్లులా కట్టించి తోటలో పెట్టించాడని చెబుతారు.

ఆ కాపురం ఎన్నాళ్లో సాగలేదు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపారు. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. సమాధి చూడటానికి కలకత్తా వెళ్లిన ఆమె అక్కడ, ఒకప్పటి భర్త సహాయకుడు హెన్రీ రసెల్‌కు దగ్గరైంది. ఆ కబురుతో హైదరాబాదు దర్బారు భగ్గుమంది. దివాను మీర్ ఆలం ఆమెను ఊళ్లోకి రానివ్వనన్నాడు. కంపెనీ ఏలుబడిలో ఉన్న బందరే దిక్కయింది. రసెల్ మద్రాసు వెళ్లి 1808లో మరొకరిని పెళ్లాడాడు. ఈమె మాత్రం ఈ ఉప్పుగాలిలో ఎదురుచూస్తూ ఉండిపోయింది.

చివరికి రెసిడెన్సీకి తిరిగి చేరింది, 1813 సెప్టెంబరులో కన్నుమూయడానికి. అప్పటికి 27 ఏళ్లు.

రంగ్ మహల్‌ను తర్వాతి దొరలు కూల్చేశారు. బొమ్మరిల్లు మిగిలింది. శిథిలమవుతున్న పెద్ద భవంతికి మరమ్మతులు చేసి 2023లో మళ్లీ తెరిచారు. మధ్యలో దశాబ్దాల పాటు అది మహిళా కళాశాల. ఆ 22 మెట్లూ ఎక్కీ దిగీ చదువుకున్నది ఆడపిల్లలే.