గుర్తు ఉంటే సరిపోదు

బెంగళూరు నుంచి హిందూపురం వెళ్లే రైలు మార్గంలోని యలహంకలో కన్నడం, తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే వినిపిస్తాయి. అటువంటి చోట చూపులేని పాఠకుడు ఒక తెలుగు వెబ్ పేజీ తెరిస్తే, అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ ముందుగా తేల్చుకోవలసింది ఆ పేజీ ఏ భాషదన్నదే. అందుకోసం పేజీ కోడ్‌లో ఒక చిన్న గుర్తు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యుసీఏజీ తన కనీస స్థాయి నియమాలలోనే చెప్పింది. ఇంగ్లీషు కోసం తయారైన మూసలో తెలుగు వ్యాసాన్ని పెట్టి గుర్తును మార్చడం మరిచిపోతే, స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతో మొదలుపెట్టి, తెలుగు అక్షరాలను దాటేయవచ్చు, లేదా పొంతనలేని ధ్వనులుగా పలకవచ్చు.

ఇటువంటి లోపాలను వెతికే పరీక్షా సాధనాలు చాలానే ఉన్నాయి. యూటా స్టేట్ యూనివర్సిటీలోని వెబ్‌ఎయిమ్ సంస్థ 2001లో తెచ్చిన 'వేవ్', గూగుల్ వారి 'లైట్‌హౌస్'కు కూడా ఆధారమైన 'యాక్స్' వాటిలో పేరున్నవి. బొమ్మకు వివరణ లేకపోయినా, ఫారంలోని గడికి పేరు లేకపోయినా, అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా ప్రమాణం కోరే 4.5:1 నిష్పత్తికన్నా తగ్గినా ఇవి క్షణాలలో పట్టేస్తాయి. అయితే ఇవి చూసేది ప్రధానంగా గుర్తు ఉందా లేదా అన్నదే గాని, అది నిజమా కాదా అన్నది కాదు. ముఖ్యమంత్రి ఫొటోకు 'బొమ్మ 1' అని రాసినా, తెలుగు పేజీకి ఇంగ్లీషు గుర్తు తగిలించినా చాలాసార్లు ఉత్తీర్ణతే దక్కుతుంది. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2017లో కావాలనే ఎన్నో లోపాలతో ఒక పేజీ తయారుచేసి పరీక్షించినప్పుడు ఏ ఒక్క సాధనమూ వాటిలో సగాన్నైనా పట్టలేకపోయింది.

తెలుగుకు మరో పాత చిక్కు ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అనేక తెలుగు సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. కంటికి తెలుగుగా కనిపించే ఆ పేజీల కోడ్‌లో ఉన్నవి నిజానికి రోమన్ అక్షరాలూ చిహ్నాలూ కనుక, సాధనానికి తప్పేమీ తోచదు, చెవికి మాత్రం అర్థంలేని గోల వినిపిస్తుంది.

చట్టం సంగతికొస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికతకూ వర్తిస్తుంది. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో, వికలాంగులకు అందుబాటుకు సంబంధించిన ప్రమాణాలను సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఇక సాధనాలకు చిక్కని లోపాలను పట్టేందుకు చెవితో చేసే పరీక్షకు ఖర్చు లేదు: చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లు మైకేల్ కరన్, జేమ్స్ టే అభివృద్ధి చేసిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, దానితోపాటే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగూ పలుకుతుంది. మౌస్‌ను పక్కన పెట్టి, తెరను ఆపి, ట్యాబ్ మీటను నొక్కుతూ వింటే సైటు తయారుచేసినవారికే తమ పేజీ ఎక్కడ మూగబోతుందో తెలుస్తుంది.