ఓడకు పెద్దదిక్కు ఆమె!

మాది డోన్. పాతవాళ్ళు ఇప్పటికీ ద్రోణాచలం అంటారు. గుంతకల్లు పోవాలన్నా, నంద్యాల పోవాలన్నా, కర్నూలు మీదుగా సికింద్రాబాదు పోవాలన్నా మా స్టేషనే కూడలి. రైలు కూత వినకుండా మాకు తెల్లారదు. సముద్రం మాత్రం మాలో చాలామందికి సినిమాల్లో చూసిందే. ఎండాకాలం వస్తే బిందె పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఊరు మాది.

అలాంటి ఊళ్ళో మొన్నొక సాయంత్రం మా పక్కింటావిడ వచ్చి కూచుంది. "వదినా, నువ్వు కథలు రాసేదానివి గదా! నువ్వన్నా చెప్పు మా పిల్లకి. ఇంటరు అయిపోతానే ఓడల్లో ఉద్యోగానికి చదువుతాదంట" అంది. వెనకే వచ్చిన వాళ్ళత్తగారు "నీళ్ళకే గతిలేని ఊర్లో పుట్టి నీళ్ళ మింద బతుకుతాదంటమ్మా ఇది!" అని నెత్తి కొట్టుకుంది. ఆ పిల్ల గడప దగ్గరే నిలబడి, "అత్తా, ఓడకు ఆడవాళ్ళు కెప్టెన్లు కాలేదా? నువ్వే చెప్పు" అని నన్ను నిలదీసింది.

కాకేం? అయ్యారు. నాకు వెంటనే గుర్తొచ్చిన పేరు కెప్టెన్ రాధికా మీనన్. ఆమె కథ ఆ ముగ్గురికీ చెప్పాను. మీకూ చెబుతాను.

వలందపాలెం నాటి మాట

ఓడ కెప్టెన్ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ఎవరు? గడ్డం, టోపీ, నోట్లో చుట్టతో ఒక తెల్లదొర. అందులో మన తప్పేమీ లేదు. మన తీరానికి వచ్చిన కెప్టెన్లు అలాంటివాళ్ళే మరి! 1605లో డచ్చివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. మన నేత బట్టలూ, అద్దకం బట్టలూ ఓడలకెత్తుకుని తూర్పు దీవులకు తీసుకుపోయి అమ్ముకున్నారు. హాలండువారిని మనవాళ్ళు 'వలందులు' అన్నారు. మచిలీపట్నంలో వలందపాలెం పేరు అలా మిగిలిందే. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ ఓడల మీద ఆడవాళ్ళకు నావికులుగా చోటు లేదు. మగవేషం వేసుకుని డచ్చి ఓడలెక్కి, తర్వాత పట్టుబడ్డ ఆడవాళ్ళ వివరాలు చరిత్రకారులు సేకరించారు. అంటే చూడండి, సముద్రం మీదికి పోవాలన్న కోరిక ఆడవాళ్ళకు ఆనాడూ ఉంది. దారే లేదు. 1935లో రష్యాకు చెందిన అన్నా షెటినినా 27 ఏళ్ళ వయసులో సముద్రపు ఓడకు కెప్టెనై ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. మన దేశపు వర్తక నౌకల్లో ఆ రోజు రావడానికి ఇంకా చాలా ఏళ్ళే పట్టింది.

టిక్కు టిక్కు శబ్దాలతో మొదలు

రాధికా మీనన్‌ది కేరళలోని కొడుంగల్లూరు. సముద్రం పక్కనే పెరిగిన పిల్ల. కొచ్చిలో రేడియో కోర్సు చదివింది. ఆ రోజుల్లో ప్రతి పెద్ద ఓడ మీదా ఒక రేడియో ఆఫీసరు ఉండేవారు. చుక్కా గీతా సంకేతాలతో ఒడ్డుకు కబురు పంపడం, తుపాను హెచ్చరికలు అందుకోవడం, ఎవరైనా ఆపదలో ఉండి పిలిస్తే ఆ పిలుపు వినడం వారి పని. చెవులకు యంత్రం తగిలించుకుని గంటల తరబడి కూచోవాలి.

భారత ప్రభుత్వ రంగ సంస్థ అయిన షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో రాధిక చేరింది. 1991లో మన దేశపు మొదటి మహిళా రేడియో ఆఫీసరు అయింది. ఆమెకు ముందు ఆ దారిన నడిచిన మన ఆడపిల్ల లేదు. ఎలా నెగ్గుకురావాలో అడుగుదామంటే అక్కలాంటి మనిషి ఒక్కరూ లేరు.

మళ్ళీ మొదటి మెట్టు

ఇంతలో కాలం మారింది. ఉపగ్రహాల సాయంతో కబుర్లు పంపే కొత్త పద్ధతి వచ్చింది. 1999 ఫిబ్రవరి నాటికి అది పూర్తిగా అమల్లోకొచ్చింది. దాంతో ఓడల్లో రేడియో ఆఫీసరు అనే ఉద్యోగమే అవసరం లేకుండా పోయింది. ప్రపంచమంతటా ఎందరో ఆ పని వదిలి వేరే దారి చూసుకోవలసి వచ్చింది.

రాధిక ఓడ నడిపే వైపుకు మళ్ళింది. ఆ వైపు మెట్లు వేరు. ముందు సెకండ్ మేట్ పరీక్ష, తర్వాత ఫస్ట్ మేట్, చివరికి మాస్టర్. ఒక్కో పరీక్షకు ముందు ఇన్ని నెలలని సముద్రం మీద పనిచేసి ఉండాలి. నక్షత్రాలు చూసి దిక్కు తేల్చడం, సముద్రపు పటాలు చదవడం, సరుకును ఓడ ఒరగకుండా నింపడం, అన్నీ కొత్తగా నేర్చుకోవాలి. పెళ్ళయి, బిడ్డ పుట్టాక మళ్ళీ పుస్తకం పట్టడమంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు. బ్యాంకు పరీక్ష పుస్తకం కొని అటక మీద పెట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని!

ఆమె మాత్రం అటక ఎక్కించలేదు. 2010లో మాస్టర్ పరీక్ష గట్టెక్కింది. 2012లో ఓడ పగ్గాలు చేతికొచ్చాయి. భారత వర్తక నౌకాదళంలో మొదటి మహిళా కెప్టెన్ అయింది. రేడియో గదిలో మొదలైన ప్రయాణానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆ రోజు గోపాలపూర్ దగ్గర

ఇక అసలు సంగతికి వస్తాను. 2015 జూన్. మన కాకినాడకు చెందిన 'దుర్గమ్మ' అనే చేపల పడవ బంగాళాఖాతంలో చిక్కుకుపోయింది. ఇంజను ఆగిపోయింది. లంగరు తెగిపోయింది. అందులో ఏడుగురు. పెద్దవాడికి 50 ఏళ్ళు, చిన్నవాడికి 15. అంటే మన ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడి వయసు! తిండీ, మంచినీళ్ళూ అలలకు కొట్టుకుపోయాయి. చేపలు చెడకుండా పెట్టుకున్న మంచుగడ్డలే నోట్లో వేసుకుని ప్రాణాలు నిలుపుకున్నారు.

జూన్ 22న ఒడిశాలోని గోపాలపూర్ తీరానికి ఆవల 'సంపూర్ణ స్వరాజ్య' అనే చమురు ఓడ పోతోంది. దానికి కెప్టెన్ రాధిక. రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఆ పడవ ఓడ సెకండ్ ఆఫీసరు కంటబడింది. అలలు 25 అడుగులకు పైగా లేస్తున్నాయి, అంటే రెండంతస్తుల మేడంత. గాలి గంటకు 110 కిలోమీటర్ల వేగం. పైన కుండపోత.

ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడటం కెప్టెన్ విధి అని అంతర్జాతీయ చట్టం చెబుతుంది. కానీ తన ఓడకూ, తన మనుషులకూ పెద్ద ప్రమాదం ఉందా లేదా అన్నది తూచుకోవలసింది కెప్టెనే. పెద్ద ఓడకు బస్సులా బ్రేకు ఉండదు. దగ్గరికి పోతే చిన్న పడవను గుద్ది నలిపేసే ప్రమాదం. పోకపోతే అందరు. పక్కన పెద్దలెవరూ ఉండరు, ఫోను చేసి అడిగేంత వ్యవధీ ఉండదు.

రాధిక కాపాడమనే ఆజ్ఞ ఇచ్చింది. రేవులో దారి చూపే పైలట్ ఎక్కడానికి ఓడ పక్కన తాళ్ళ నిచ్చెన ఒకటి వేలాడదీస్తారు. దాన్నే దించారు. లైఫ్ జాకెట్లు, నీటిలో తేలే బోయాలు సిద్ధంగా పెట్టుకున్నారు. ఒకసారి ప్రయత్నించారు, కుదరలేదు. రెండోసారీ కుదరలేదు. మూడో ప్రయత్నానికి, ఆకలితో నీరసించిన ఆ ఏడుగురూ ఓడ మీదికి చేరారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఒడ్డున ఉన్నవాళ్ళు

ఈ కథలో నన్ను కదిలించింది ఇంకొకటి ఉంది. పడవ తిరిగి రాకపోయేసరికి ఒడ్డున ఇంటివాళ్ళు ఆశ వదులుకున్నారు. కర్మకాండకు ఏర్పాట్లు చేసుకుంటున్నారు. అలాంటి సమయంలో బతికే ఉన్నారన్న కబురు! కొద్ది రోజులకు మనుషులే వచ్చారు.

సముద్రం దగ్గర ఆడవాళ్ళ వంతు ఎప్పుడూ ఎదురుచూడటమే అనుకుంటాం. ఈసారి ఒడ్డున ఎదురుచూసిన తల్లుల బిడ్డల్ని, నీళ్ళ మీద ఉన్న ఇంకో తల్లి తిరిగి పంపింది.

2016 నవంబరు 21న లండన్‌లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఆమెకు సముద్రంలో అసమాన సాహసానికి ఇచ్చే అవార్డు అందించింది. ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమే. 2017లో తోటి మహిళా అధికారులు శర్వాణీ మిశ్రా, సునీతి బాలాతో కలిసి ఓడల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం ఒక సంస్థ స్థాపించింది. తనకు లేని అక్కలను తర్వాతి పిల్లలకు ఏర్పరచిందన్నమాట. అవసరమే మరి! 2021 నాటి లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద ఓడల్లో పనిచేసే ఆడవాళ్ళు 24,059 మంది. నూటికి ఇద్దరు కూడా కాదు!

మన పిల్లలు వెళ్ళాలంటే...

ఇంటర్లో ఎం.పి.సి. చదివి ఉండాలి. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ కలిపి 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం మార్కులు కావాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయాలి. 2008లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయానికి మన విశాఖపట్నంలోనూ క్యాంపస్ ఉంది. ఆడపిల్లలకు వయసులో సడలింపు ఉంది. ఓడ నడిపే కొలువుకు కంటిచూపు బాగుండాలి, రంగులు సరిగ్గా గుర్తుపట్టగలగాలి. ఒక్క జాగ్రత్త: 'లక్షలు కట్టండి, ఓడ ఎక్కిస్తాం' అనే దళారులు ఊరూరా ఉంటారు. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గుర్తింపు ఉందో లేదో చూసుకోకుండా పైసా కట్టొద్దు.

కష్టాలూ దాచకూడదు. నెలల తరబడి ఇంటికి దూరం. పండగలు నీళ్ళ మీదే. ఓడ మొత్తానికి తనొక్కతే ఆడపిల్ల కావచ్చు. ఇవన్నీ ఆ పిల్లకు చెప్పాను. "తెలుసత్తా" అంది, కళ్ళు తిప్పకుండా.

మా డోన్ మీదుగా భువనేశ్వర్ పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. కాకినాడకు దగ్గరి సామర్లకోట దాటి, గోపాలపూర్‌కు దగ్గరి బరంపురం మీదుగా పోతుంది. ఆ కథంతా మా ఊరి రైలు దారిలోనే జరిగిందన్నమాట. ఆ మాట చెబితే పక్కింటావిడ ఏమీ అనలేదు.

వాళ్ళత్తగారే చాలాసేపటికి నోరు విప్పింది. "ఆ పదైదేండ్ల పిల్లోని అమ్మకు ఎవురు చెప్పినారో ఆ కబురు... ఎంత ఏడ్చినాదో పాపం" అంది. కాసేపాగి కోడలి వైపు తిరిగింది.

"రేపు ఈ పిల్లను కర్నూలుకు పిల్చకపోయి ముందు కండ్లు చూపియ్యి. అవి బాగుండాయంటే తక్కింది మాట్లాడుకుందాం."